16 వారాల సెమిస్టర్‌లో పాఠం జరిగే రోజులెన్ని? క్యాలెండర్ డ్రాఫ్టు వేసేవాళ్ల కోసం

డ్రాఫ్టు గుమాస్తా (అనంతపురం)

2025-26 రెండో సెమ్ అకడమిక్ క్యాలెండర్ ఖాయం చేసే ముందు దాన్ని ఒకసారి కోసి చూద్దాం. చాలా చోట్ల నడిచే పద్ధతి తెలిసిందే. పోయినేడాది ఫైలు తెరుస్తారు, తేదీలు రెండు రోజులు అటో ఇటో జరుపుతారు, 'క్లాసులు 16 వారాలు' అని ఒక గడిలో కొట్టి సంతకానికి పెడతారు. ఆ గడిలో ఎన్ని రోజులున్నాయో ఎవరూ వేలు పెట్టి లెక్కించరు.

2025 డిసెంబరు 15, సోమవారం క్లాసులు మొదలనుకోండి. 16 వారాలంటే 2026 ఏప్రిల్ 4, శనివారం దాకా. వారానికి ఆరు చొప్పున 96 రోజులు. రెండో శనివారాలు మూడు పోతాయి (జనవరి 10, ఫిబ్రవరి 14, మార్చి 14), మిగిలేది 93. క్రిస్మస్, భోగి, సంక్రాంతి, కనుమ, రిపబ్లిక్ డే, హోలీ, ఉగాది, రంజాన్, శ్రీరామనవమి, గుడ్ ఫ్రైడే కలిపి పది. మిగిలేది 83. శివరాత్రి ఆదివారం పడింది కాబట్టి దానితో నష్టం లేదు. సంక్రాంతికి 12, 13, 17 కూడా కలిపి ఇస్తారు. ఇవ్వకపోయినా బెంచీలు ఖాళీయే. 80. సెమ్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్షలు రెండు, మూడేసి రోజులు, 74. వార్షికోత్సవం, ఆటల పోటీలకు రెండు, 72.

కావలసింది 90. ఆ 18 రోజులు ఎక్కణ్నుంచి తేవాలి? అనుభవస్తులు చెప్పండి.

బార్‌కోడ్

90 ఎక్కడిదో ముందు చెప్పుకుంటే వాదన తగ్గుతుంది. యూజీసీ 2018 నిబంధనల్లో ఏడాది 52 వారాలనూ పంచి పెట్టారు. వారానికి ఆరు రోజుల పద్ధతిలో బోధన 30 వారాలు, అంటే 180 రోజులు, సెమ్‌కు 90. యూనివర్సిటీకైతే అడ్మిషన్లు, పరీక్షలు, ఆటలు వగైరాలకు 12 వారాలు, వెకేషన్ 8, పబ్లిక్ సెలవులు 2. కాలేజీలకు ఆ 12 కాస్తా 10, వెకేషన్ 8 కాస్తా 10. బోధన 30 మాత్రం ఇద్దరికీ కదలదు.

పరీక్షలు ఆ 12 వారాల్లోకి రావాలి, 30 లోకి కాదు. మన క్యాలెండర్లలో మిడ్‌లను 16 వారాల్లోనే దూర్చి, ఆ వారాన్ని కూడా బోధన కింద చూపిస్తారు. తనిఖీకి వచ్చిన కమిటీ హాజరు రిజిస్టరూ క్యాలెండరూ పక్కపక్కన పెట్టుకుని అడిగినప్పుడు జవాబు ఉండదు.

గడియారం స్తంభం

> కావలసింది 90

16 ఇంటూ 6 ఎంత? 96. ఇంకా ఆరు మిగిలినాయి కదప్పా!

(మీటింగులో ఈ మాట అనేవాళ్లు ఉంటారు, అందుకే ముందే రాస్తున్నా.)

నల్లరేగడి (కర్నూలు)

మొత్తం రోజులు చూసి ఆగిపోకండి, వారం వారీగా విడదీయండి. పై లెక్కలో మిడ్‌లకు ముందున్న ఆ 80 రోజులు ఇట్ల పడతాయి: సోమ 14, మంగళ 14, బుధ 15, గురు 13, శుక్ర 12, శని 12.

శుక్రవారం చూడండి. కనుమ, రంజాన్, శ్రీరామనవమి, గుడ్ ఫ్రైడే, నాలుగూ శుక్రవారమే. ఆ రోజు మధ్యాహ్నం ల్యాబ్ పడిన బ్యాచ్‌కు 16కు బదులు 12 దక్కుతాయి. మిడ్‌లలో ఒకటో రెండో పోతే 10. మొదటి వారం పరిచయానికి, చివరి వారం ఇంటర్నల్ పరీక్షకు తీసేస్తే ప్రయోగాలకు 8. బుధవారం బ్యాచ్‌కు అదే లెక్కన 11 వస్తాయి. ఒకే సెక్షన్, ఒకే రికార్డు, ఒకే ఎక్స్‌టర్నల్. ఒక బ్యాచ్ మూడు ప్రయోగాలు చూడకుండానే పరీక్షకు కూర్చుంటుంది.

నెలవంకను బట్టి రంజాన్ 20 నుంచి 21కి జరిగితే శుక్రవారం బతుకుతుంది, శనివారం పోతుంది. కాబట్టి ఆ రెండు రోజుల్లో దేనిమీదా మిడ్ గానీ ల్యాబ్ ఇంటర్నల్ గానీ వేయొద్దు.

డ్రాఫ్టు గుమాస్తా (అనంతపురం)

నల్లరేగడి గారూ, ఇది నా లెక్కలో తట్టలేదు. రెండో శనివారాన్ని పనిదినం చేసి శుక్రవారం టైంటేబుల్ నడిపితే సరిపోతుందా?

నల్లరేగడి (కర్నూలు)

మూడు రెండో శనివారాల్లో పనికొచ్చేది ఒకటే. జనవరి 10 సంక్రాంతికి ముందు రోజుల్లో పడింది, హాస్టల్ పిల్లలు 9 రాత్రికే బస్సెక్కుతారు. ఫిబ్రవరి 14న గేట్ పరీక్ష ఉంది (7, 8, 14, 15 తేదీలు). ఫైనలియర్ వాళ్లు ఉండరు, మరుసటి రోజు శివరాత్రి కూడా. మిగిలింది మార్చి 14. దాన్ని పట్టుకోండి.

సర్క్యులర్‌లో 'కాంపెన్సేటరీ వర్కింగ్ డే' అని రాసి వదిలేస్తే శనివారం టైంటేబులే నడుస్తుంది. 'శుక్రవారం టైంటేబుల్ ప్రకారం' అనే ముక్క తప్పక ఉండాలి. ట్రాన్స్‌పోర్ట్ సెక్షన్‌కూ మెస్‌కూ కాపీ మార్క్ చేయండి. లేకపోతే కాలేజీ బస్సు రాదు, మధ్యాహ్నం భోజనం సగం మందికే వండుతారు.

పెన్నా గట్టు (కడప)

ఇంత తిప్పలెందుకు? 18 రోజులు తక్కువైతే ఏప్రిల్‌లోకి జరపండి. ఏప్రిల్ 6 నుంచి లెక్కపెడితే 28కి 18 వస్తాయి.

వార్డెన్ గది

కాగితం మీద వస్తాయి. 28కి క్లాసులైతే ప్రిపరేషన్ సెలవులు పోను పరీక్షలు మే మొదటి వారం నుంచి. హాస్టల్లో మే నెల అంటే ఏమిటో లెక్కతో చెబుతా.

హాస్టల్‌కు మనిషికి రోజుకు 135 లీటర్లు అని జాతీయ భవన నిబంధనావళి చెబుతుంది. 600 మందికి 81,000 లీటర్లు. గంటకు 6,000 లీటర్లు ఇచ్చే బోరు 12 గంటలు నడిస్తే 72,000. లోటు 9,000. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. ఇది ఫిబ్రవరి మాట. ఎండలు ముదిరి అదే బోరు గంటకు 4,000కు దిగితే 48,000 వస్తాయి. లోటు 33,000, రోజుకు ఏడు ట్యాంకర్లు. ఏడు ట్యాంకర్లు దింపుకునేకి సంపులో ఖాళీ ఉండాలి, పైపు ఉండాలి, రాత్రిపూట వాచ్‌మన్ వాల్వు తిప్పాలి.

నీళ్లు తగ్గినప్పుడు జరిగే తప్పు ఒకటుంది. ట్యాంకు నిండలేదని మోటారు ఆపకుండా నడుపుతారు. బోరులో మట్టం పంపు కిందికి దిగి, మోటారు గాలి పీల్చి, వైండింగ్ కాలుతుంది. పైకి లాగి చుట్టించి దింపేసరికి మూడు రోజులు, అదీ సరిగ్గా పరీక్షల వారంలో. స్టార్టర్ ప్యానెల్‌లో డ్రై రన్ రిలే (నీళ్లు అందకపోతే మోటారును ఆపేది) పెట్టించండి. గంట నడిచి గంట ఆగేలా టైమర్ వేస్తే పగలూ రాత్రీ కలిపి అదే 12 గంటలు నడుస్తుంది, బోరు ఊరేకి టైమ్ దొరుకుతుంది.

ట్యాంకర్ల రేటు టెండరు ఫిబ్రవరిలోనే పిలవాలి. ఏప్రిల్‌లో అర్జెంటని మూడు కొటేషన్లతో నడిపిస్తే డబ్బూ ఎక్కువ, ఆడిట్‌లో అభ్యంతరమూ వస్తుంది. టెండరు వేయాలంటే హాస్టల్ ఎన్నాళ్లు తెరిచి ఉంటుందో తెలియాలి. అది చెప్పేది క్యాలెండరే. అది మార్చిలో వస్తే మేం ఫిబ్రవరిలో ఏం పిలవాలి?

పెన్నా గట్టు (కడప)

సరే, ఒప్పుకుంటున్నా. మరి మొదటి నుంచి నాలుగో సంవత్సరం దాకా పిల్లలందరికీ ఒకేసారి పరీక్షలు పెట్టకుండా, ఒకటి మూడు ఒక విడత, రెండు నాలుగు ఇంకో విడత చేస్తే తల లెక్క సగానికి తగ్గదా?

వార్డెన్ గది

నీళ్లకు మంచిదే. మెస్‌కు కాదు. డివైడింగ్ సిస్టంలో వంటవాళ్ల జీతాలు, గ్యాసు వంటి స్థిర ఖర్చు నెలకు 3 లక్షలనుకోండి. 600 మందికి పంచితే తలా 500. 200 మందే మిగిలితే తలా 1,500, తిండి ఖర్చు వేరే. చివర్లో వైవా కోసం ఆగిన ఫైనలియర్ వాళ్లకు ఆ బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. విడతలు చేసేట్టయితే రెండో విడతకు మెస్‌లు కలిపేసి ఒకే వంటగది నడపాలి. ఆ మాట కూడా క్యాలెండర్‌తో పాటే చీఫ్ వార్డెన్ సర్క్యులర్‌లో రావాలి.

బార్‌కోడ్

ఏప్రిల్ వైపే అందరూ చూస్తున్నారు. డిసెంబరు వైపు చూడండి. డిసెంబరు 15న క్లాసులు మొదలన్నారు కదా, ఆ రోజు పాఠం చెప్పేవాళ్లు ఎక్కడుంటారు? స్పాట్‌లో, అంటే జవాబు పత్రాలు దిద్దే చోట.

లెక్క వేద్దాం. 1,800 మంది, ఐదు పేపర్లు, 9,000 జవాబు పత్రాలు. ఒకరికి రోజుకు 40 అనుకుంటే 225 మనిషి-రోజులు. 25 మంది దిద్దితే 9 రోజులు. ముందు కోడింగ్‌కు (పత్రం మీద హాల్ టికెట్ నంబరు దాచి కోడ్ వేయడానికి) రెండు రోజులు, తర్వాత స్క్రూటినీ, మార్కుల ఎంట్రీకి నాలుగైదు. మొదటి సెమ్ చివరి పరీక్ష డిసెంబరు 6న అయిందనుకుంటే స్పాట్ అయ్యేసరికి కనీసం 18, 19. అంటే రెండో సెమ్ మొదటి వారం కాగితం మీదే.

ఇది సగటు లెక్క. అసలు చిక్కు సబ్జెక్టుల్లో ఉంది. గణితం అన్ని బ్రాంచిలకూ ఉమ్మడి, 1,800 పత్రాలు. దిద్దేవాళ్లు నలుగురే ఉంటే 1,800ను 160తో భాగించండి, 11 రోజులు దాటుతుంది. మిగతా సబ్జెక్టులన్నీ అయిపోయినా రిజల్ట్ గణితం కోసం ఆగుతుంది. కాబట్టి పరీక్షల టైంటేబుల్‌లో ఎక్కువమంది రాసే పేపరు, తక్కువమంది దిద్దే పేపరు అన్నిటికంటే ముందు వేయండి. చాలాసార్లు పిల్లలు అడిగారని, చదువుకోవడానికి టైమ్ దొరుకుతుందని గణితాన్ని చివర్లో పెడతారు. అక్కడే వారం పోతుంది.

ఇంకొకటి. కోడింగ్ కోసం చివరి పరీక్ష దాకా ఆగక్కర్లేదు. ప్రతి పరీక్ష రోజు సాయంత్రం వచ్చిన కట్టలను మర్నాడే కోడ్ చేస్తే, మూడో పరీక్ష నాటికి మొదటి పేపరు స్పాట్ మొదలవుతుంది.

మోడరేటర్

రెండు పోస్టుల్లో ఫలానా వర్సిటీ, ఫలానా అధికారి అని రాశారు, తీసేశాను. లెక్కలు, పద్ధతుల దాకా రాయండి. ఎవరి మీద కోపమైనా ఇక్కడ వద్దు.

హాల్ టికెట్

విద్యార్థుల వైపు నుంచి ఒక ప్రశ్న. స్పాట్ వల్ల జరగని క్లాసులు అటెండెన్స్‌లో ఎట్ల పడతాయి?

డ్రాఫ్టు గుమాస్తా (అనంతపురం)

పడకూడదు. 75 శాతం లెక్క జరిగిన పీరియడ్ల మీదే. రోజుకు ఆరు చొప్పున 72 రోజులకు 432 పీరియడ్లు, అందులో 324 కావాలి. పోర్టల్ టైంటేబుల్‌ను చూసి హారంలో తనంతట తానే పీరియడ్లు కలుపుకుంటూ పోతే గొడవ మొదలవుతుంది. సారు స్పాట్‌కు వెళ్లిన పీరియడ్ 'నాట్ టేకెన్' అని మార్చకపోతే అది అందరికీ ఆబ్సెంట్ కింద పడుతుంది. డిపార్ట్‌మెంట్ టైంటేబుల్ ఇన్‌ఛార్జి ప్రతి శనివారం సాయంత్రం ఆ జాబితా సరిచూడాలి. సెమ్ చివర్లో ఒకేసారి సరిచేయబోతే ఎవరి మాటా ఎవరూ నమ్మరు.

ఇంజనీరింగ్‌లో ఈసెట్ ద్వారా రెండో సంవత్సరంలో చేరేవాళ్ల సంగతి కూడా క్యాలెండర్‌లో ఒక్క వాక్యంగా రాయండి: 'హాజరు చేరిన తేదీ నుంచి లెక్కించబడును.' లేకపోతే కౌన్సెలింగ్ ఆలస్యానికి పిల్లవాడు కండొనేషన్ (తక్కువ హాజరును మన్నించే) ఫీజు కడతాడు.

బార్‌కోడ్

దానికి తోకగా ఒక మాట. జేఎన్‌టీయూఏ (అనంతపురం జేఎన్‌టీయూ) నిబంధనల్లో హాజరు 65 నుంచి 75 శాతం మధ్య ఉంటే కండొనేషన్, 65 దిగితే డిటెన్షన్, అంటే పరీక్ష రాయనివ్వరు. డిటెయిన్ అయ్యేవాళ్ల జాబితా తేలక ముందే పరీక్ష ఫీజు నోటిఫికేషన్ ఇస్తారు, ఫైన్ లేకుండా, ఫైన్‌తో అని తేదీలు పెడతారు. డిటెయిన్ అయినవాళ్లు అప్పటికే కట్టేసి ఉంటారు. తర్వాత రీఫండ్ అర్జీలు, చలానా నంబర్లు, ఆరు నెలలు. చివరి క్లాసుకు రెండు వారాల ముందు తాత్కాలిక జాబితా నోటీసు బోర్డు మీద పెట్టి, ఫీజు గడువును తుది జాబితా తర్వాత నాలుగు పనిదినాలకు ముగించండి.

గుత్తి ప్యాసింజర్

ఊరి పండుగలు ఎవరూ ముట్టుకోలేదు. ప్రభుత్వ సెలవుల జాబితా చూసి వేసిన పరీక్ష బస్సులు లేక ఆగే సందర్భాలుంటాయి. కడప వైపు ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం చైత్ర పౌర్ణమికి. 2026లో అది ఏప్రిల్ 1, 2 తేదీల దగ్గర. ఆ రాత్రి రాజంపేట దారిలో మామూలు బస్సుల మీద ఆశ పెట్టుకోకూడదు, మర్నాడు ఉదయం పరీక్ష వేయకూడదు. అనంతపురం వైపు మొహర్రానికి నార్పల దగ్గర గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవం. కర్నూలు వైపు దసరా రాత్రి దేవరగట్టు బన్ని (కర్రల సమరం), శ్రావణంలో మంత్రాలయం రాఘవేంద్రస్వామి ఆరాధన. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి పోయినేడాది ఫైలు నకలు చేస్తే తప్పుతుంది.

లోకల్ హాలిడే అని కలెక్టరాఫీసు నుంచి వచ్చినా, రిజిస్ట్రార్ సర్క్యులర్ లేకుండా క్యాంపస్‌లో అమలు చేయొద్దు. సగం డిపార్ట్‌మెంట్లు మూస్తాయి, సగం తెరుస్తాయి.

వార్డెన్ గది

రంజాన్ నెల కూడా రాసుకోండి. ఈ సెమ్‌లో ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి 20 దాకా. కడప, కర్నూలు హాస్టళ్లలో ఉపవాసం ఉండేవాళ్లు బాగా ఉంటారు. ఉపవాసానికి ముందు తినే సహరికి తెల్లవారుజామున నాలుగున్నరకల్లా అన్నం వేడిగా ఉండాలంటే వంటవాడి షిఫ్టు మారాలి, ఓవర్‌హెడ్ ట్యాంకు రాత్రే నిండి ఉండాలి. ఆ నెలలో ల్యాబ్‌లు సాయంత్రం ఐదు దాటించొద్దు.

నల్లరేగడి (కర్నూలు)

ఏప్రిల్ పరీక్షల గదుల గురించి ఒక్క ముక్క. రెగ్యులర్ ఉదయం, సప్లిమెంటరీ మధ్యాహ్నం పెట్టేటప్పుడు మధ్యాహ్నం సెషన్‌ను కింది అంతస్తు గదులకే పరిమితం చేయండి. పై అంతస్తు స్లాబ్ మధ్యాహ్నం రెండు గంటలకు కుంపటిలా ఉంటుంది. సప్లికి వచ్చేవాళ్లు తక్కువే కాబట్టి గదులు చాలుతాయి. సీటింగ్ ప్లాన్ సాఫ్ట్‌వేర్ గది నంబర్ల వరుసలో నింపుకుంటూ పోతుంది. పై గదులను జాబితాలో ఆఫ్ చేయడం మరిచిపోతే అది ఏ అంతస్తో చూడదు.

డ్రాఫ్టు గుమాస్తా (అనంతపురం)

అన్నీ కలిపి మళ్లీ లెక్క వేశాను. మొదలు 72.

మిడ్‌లు మూడేసి రోజులు పూర్తిగా తీసుకోకుండా, రోజుకొక పేపరు, తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, ఆ తర్వాత మామూలు క్లాసులు. దీనివల్ల ఆరు రోజులూ మిగులుతాయని మురిసిపోకూడదు. రెండు మిడ్‌లకు పది ఉదయాలు, రోజుకు రెండు పీరియడ్ల చొప్పున 20 పీరియడ్లు, అంటే మూడు రోజుల పైనే. నికరంగా కలిసొచ్చేది రెండున్నర, రెండనే వేసుకున్నాను. 74.

మార్చి 14 శుక్రవారం టైంటేబుల్‌తో, 75. వార్షికోత్సవం, ఆటల్లో ఒకటి ఆదివారానికి, 76. కావలసింది ఇంకా 14. ఏప్రిల్ 6 నుంచి లెక్కిస్తే 21వ తేదీ మంగళవారానికి 14 వస్తాయి. 22 నుంచి ప్రిపరేషన్, 27 నుంచి పరీక్షలు, మొదటి పేపరు గణితం.

గడియారం స్తంభం

మిడ్ రాసి పదకొండింటికి బయటికొచ్చినోడు మళ్లీ క్లాసులోకి వస్తాడంటారా?

నల్లరేగడి (కర్నూలు)

థియరీ పెడితే రాడు. ఆ పది రోజులూ మధ్యాహ్నం అన్ని సెక్షన్లకూ ల్యాబ్‌లు వేయండి, రికార్డు కరెక్షన్ అప్పుడే అని చెప్పండి. వస్తారు.

బార్‌కోడ్

గుమాస్తా గారూ, నోట్ ఫైలు పైకి పంపకండి, ఆగండి. ఏప్రిల్ 11 రెండో శనివారం. 14 అంబేడ్కర్ జయంతి. రెండింటినీ పనిదినాలుగా లెక్కేశారు. 5న జగ్జీవన్ రామ్ జయంతి ఆదివారం పడి కలిసొచ్చింది గానీ ఇవి రెండూ కలిసిరావు. 6 నుంచి 10 దాకా ఐదు, 13, తర్వాత 15 నుంచి 18 నాలుగు, ఇక్కడికి పది. 20, 21, 22, 23. చివరి క్లాసు 23, గురువారం. ప్రిపరేషన్‌కు 24, 25, 26 మూడు రోజులే మిగులుతాయి.

డ్రాఫ్టు గుమాస్తా (అనంతపురం)

నిజమే, సరిచేశాను. చివరి క్లాసు 23, పరీక్షలు 27నే. హాస్టల్ మూసే తేదీ ఇప్పుడే వార్డెన్ గది గారికి పంపుతున్నా, ట్యాంకర్ల టెండరుకు.